గవాచి కింద మూకుడు

మా మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. రెండు కప్పుల్లో తడి దూది పరిచి అలసంద గింజలు వేయాలి. ఒక కప్పు కిటికీ దగ్గర, ఇంకొకటి బీరువాలో పెట్టాలి. వారం తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, మొక్క బతకడానికి ఏమేం కావాలో రాయాలి. ఏం రాయాలో మాత్రం టీచరు ముందే బోర్డు మీద రాసిచ్చింది: నీరు, గాలి, మట్టి, సూర్యరశ్మి. చూడకముందే జవాబు చేతిలో పెట్టే చదువు మనది. పిల్ల మటుకు, "ఇందులో మట్టి లేదుగా నానమ్మా, దూదే కదా, మరి ఎట్లా మొలుస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న బడిలో అడిగితే ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి, తప్పకుండా అడగమని చెప్పాను.

వారం అయింది. బీరువాలోని మొలక జానెడు పొడుగు సాగి, పసుపురంగులో, నూలుపోగంత సన్నగా ఒక పక్కకు వాలిపోయి ఉంది. కిటికీ దగ్గరిది నాలుగు వేళ్ల ఎత్తు లేదు. కానీ కాడ గట్టిగా ఉంది, ఆకులు పచ్చగా ఉన్నాయి.

మా కోడలు బ్యాంకు ఉద్యోగి. ఆమె రెండింటినీ చూసి, "బీరువాలోదే బాగా పెరిగింది కదత్తయ్యా, బంగారం రంగులో ఎంత బాగుందో. దీన్నే ఫోటో తీసి టీచరుకు పంపుదాం" అంది.

ఈ మాట నేను నా తొమ్మిదో ఏట ఒకసారి విన్నాను. అప్పుడు అన్నవాళ్లకు చదువు లేదు. ఆ మాత్రం సాకైనా వాళ్లకుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి పక్కన, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. వాన వస్తే కాలు తీయనివ్వని మట్టి, రాకపోతే కాలు దూరేంత పగుళ్లు. అంత తెలివైన నేల మీద అంత మొద్దు మనుషులు ఎట్లా పుట్టుకొచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు. మా ఇంట్లో ఏ మూలకు పోయినా పత్తి గింజల వాసన. ఆదోని మిల్లుల్లో దూది తీసేసిన గింజలు బండ్ల మీద వచ్చేవి. వాటిని నానబెట్టి రుబ్బి బర్రెలకు పెట్టేవాళ్లు. పాలకు ఆ వాసనే, నెయ్యికి ఆ వాసనే, ఆ నెయ్యి పూసిన మా తాత మీసాలకూ ఆ వాసనే. పొద్దున పూట జొన్నరొట్టె, బుడ్డల పొడి, అంటే వేరుశనగల పొడి, పచ్చి ఉల్లిగడ్డ. ఎవరైనా ఆదోని సంతకు పోతే, నానబెట్టి తాలింపు వేసే ఉగ్గానికి బొరుగులు వచ్చేవి. ఆ రోజు పండగ.

తాత ఊరికి పెద్ద. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. మబ్బును చూసి వాన చెప్పగలడు, ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పగలడు. అంత తెలిసిన మనిషి, పొలంలో ఎన్నడూ అడుగు పెట్టని మా పూజారయ్య చెప్పే సేద్యం మాటలు చేతులు కట్టుకుని వినేవాడు. తెలివి ఉండటం వేరు, దాన్ని వాడుకునే ధైర్యం ఉండటం వేరు అని నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ నేర్పిన గురువు మా తాతే.

మా వైపు జొన్న విత్తేది గొర్రుతో. ఎద్దులు గొర్రును లాగుతుంటే, వెనక నడిచే ఆడమనిషి దాని మీదున్న చెక్క గిన్నెలోకి పిడికిట్లోంచి గింజలు వదులుతూ పోవాలి. గిన్నె అడుగున ఉన్న వెదురు గొట్టాల గుండా అవి సాళ్లలోకి దిగుతాయి. పిడికిలి బిగిస్తే సాలు ఖాళీ, వదులు చేస్తే గుంపు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, ఎద్దుల నడకను బట్టి, ఒకే తీరున వేళ్లు ఆడించాలి. అది పని, నేర్చుకుంటే వచ్చే పని. మా వాళ్లు మాత్రం దాన్ని 'చేతి గుణం' అనేవాళ్లు. గుణం అన్నాక అది దేవుడిచ్చేది, దేవుడిచ్చేదన్నాక పూజారయ్య చెప్పాల్సింది.

అందుకొక పరీక్ష పెట్టారు. ముంగారు, అంటే తొలకరి, వానలకు ముందు, విత్తే పనికి వచ్చే అయిదుగురు ఆడవాళ్లు తలా ఒక మట్టి మూకుట్లో జొన్నలు చల్లి మా ఇంటికి తెచ్చేవాళ్లు. మూకుళ్లను తొమ్మిది రోజులు మా దేవునింట్లో చీకట్లో ఉంచేవాళ్లు. పదో రోజు తలుపు తీసి చూస్తే ఎవరి మొలక పొడుగ్గా, పసుపుపచ్చగా ఉంటే వాళ్ల చేయి మంచిది. పెద్ద గొర్రు వెనక వాళ్లే నడవాలి. మిగతావాళ్లు చిన్న గొర్రులకు. మొలక చెడినవాళ్లకు ఆ ఏడు విత్తనాల పనే లేదు. పెద్ద గొర్రు మనిషికి ఎమ్మిగనూరు నేత చీర ఒకటీ, విత్తనాలు అయ్యేదాకా రోజుకింత జొన్నలూ ఇచ్చేవాళ్లు.

ఏడేళ్లుగా ఆ పని చేస్తున్నది ఊరి బయటి పేట మనిషి ఒకామె. ఆమెకు పేరుండేది. మా ఇంట్లో ఎవరూ పిలవలేదు. 'మేయ్' అంటే చాలు, ఆమె పలికేది. నన్ను కూడా అట్లాగే పిలవమన్నారు, పిలిచాను. ఇక్కడ విత్తనాలామె అంటాను. ఆమెకు ఇద్దరు పిల్లలు. మొగుడు బండి కింద పడి కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ విత్తనాల రోజుల్లో వచ్చే జొన్నలతోనే ఆ ఇల్లు వానాకాలం దాటేది. అవి రాకపోతే ఊరు విడిచి పోవడమే.

మాది మిద్దె ఇల్లు. దేవునింటికి కిటికీ లేదు. పైకప్పు మధ్యలో వెలుతురు కోసం తట్ట పట్టేంత గుండ్రటి కంత ఒకటుండేది. దాన్ని గవాచి అంటారు. ఆ తొమ్మిది రోజులూ గవాచి మీద బండ మూసేవాళ్లు. వెలుతురు తగిలితే అమ్మవారు సిగ్గుపడుతుందట. తలుపు తాళం మా అవ్వ కొంగులో ఉండేది. తెల్లవారకముందే అవ్వ పోయి, కళ్లు మూసుకుని నీళ్లు చిలకరించి వచ్చేది.

ఆ ఏడు మూకుళ్లు పెట్టే రోజున నేను గడప దగ్గరే ఉన్నాను. నాలుగు మూకుళ్లను గోడవారన గట్టు మీద వరసగా పెట్టి, ఒక్కొక్క దాని మీద గంప బోర్లించారు. విత్తనాలామె తన మూకుడు వాకిట్లో పెట్టి దూరంగా నిలబడింది.

"అది గట్టు మీద పెట్టొద్దండి. ఆడ, నడిమధ్యన, నేల మీద పెట్టండి" అంది అవ్వ.

"గంప?" అని అడిగింది పనిమనిషి.

"మన గంప దాని మీద బోర్లిస్తే మళ్లీ దేనికి పనికొస్తాది? వదిలెయ్."

ఏడేళ్లూ అంతేనట. ఆమె చేతి గింజలు చేను నిండా పడాలి, ఆ పంట మేం తినాలి, ఆమె మూకుడు మీద మాత్రం మా గంప పడకూడదు. ఈ లెక్క ఎట్లా కుదురుతుందని నేను తర్వాత చాలామంది పండితులను అడిగాను. వాళ్లందరికీ సంస్కృతం బాగా వచ్చు.

ఆ ఎండాకాలం నాకు అప్పగించిన ఉద్యోగం మిద్దె మీద సండిగెలకు, అంటే వడియాలకు, కాపలా. అవ్వ చాపల మీద సండిగెలు పెట్టి, చేతికి ఒక కందికట్టె ఇచ్చి, "కాకులు తాకితే నీ ఈపు పగులుతాది" అని చెప్పి కిందికి పోయి నిద్రపోయేది. కాకులకన్నా పెద్ద దొంగను కాపలా పెట్టానని ఆమెకు తెలియదు. దేవునింట్లో గవాచికి కొంచెం పక్కగా ఉట్టి ఉంది. ఉట్టిలో కుండ ఉంది. కుండలో బుడ్డల ఉండలు ఉన్నాయి, వేయించిన బుడ్డలు, పాకం బెల్లం, కొంచెం నెయ్యి. నేను కందికట్టె కొసను రాయి మీద అరగదీసి మొన చేశాను. బండ పక్కకు జరిపి, కాలే మిద్దె మీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి జొప్పించి, ఉండకు పొడిచి పైకి లాగేదాన్ని. సగం పొడి కింద రాలిపోయేది. మిగతా సగానికి ఉన్న రుచి నాకు ఆ తర్వాత ఏ విందులోనూ దొరకలేదు.

తిన్న తర్వాత కూడా బండ మూసేదాన్ని కాదు. గవాచిలోంచి ఎండ నిట్టనిలువుగా స్తంభంలాగా దిగేది. అందులో దుమ్ము రేణువులు తేలుతుంటే చూస్తూ పడుకునేదాన్ని. అడుగున నేల మీద గుండ్రటి వెలుగు. ఆ వెలుగులో ఒకే ఒక్క మూకుడు. అవ్వ దగ్గు వినిపించేదాకా, అంటే పొద్దు వాలేదాకా, రోజూ అంతే. పొద్దుటిపూట కూడా సండిగెలు తిప్పే నెపంతో ఎక్కి బండ జరిపేదాన్ని. తొమ్మిది రోజులు.

పదో రోజు పొద్దున వాకిలి నిండా జనం. పూజారయ్య లోపలికి పోయి గంపలు ఎత్తి, నాలుగు మూకుళ్లను ఒక్కొక్కటిగా బయటికి పంపాడు. నాలుగింట్లోనూ మొలకలు జానెడు లేచి, పసుపు ముంచినట్టు, గాలికే వణుకుతూ ఉన్నాయి.

"సూడండప్పా, బంగారు మొలక" అన్నాడు పూజారయ్య. "అమ్మ పసుపు పూసుకోని లేసినాది."

అయిదో మూకుడు విత్తనాలామెనే లోపలికి పోయి తెచ్చుకోమన్నారు. మైల తగిలేది గంపకే కాబోలు, గదికి తగలదు. ఆమె తెచ్చి వాకిట్లో పెట్టింది. పొట్టి మొలకలు. చిక్కటి పచ్చ. నిటారుగా, దగ్గర దగ్గరగా, నీళ్లు పట్టిన మడిలో నారులాగా ఉన్నాయి.

"ఇదేంది, ఇట్ల పచ్చగుండాది?" అన్నాడు తాత.

"పసరు పెద్దాయనా. పాము ఇసం ఇట్లనే ఉంటాది" అన్నాడు పూజారయ్య. "ఎదగను గూడ ఎదగలా. అమ్మ ఈ సెయ్యి ఒల్లననింది."

విత్తనాలామె మూకుడునూ తాతనూ మార్చి మార్చి చూసింది. "సేన్లో పైరు గూడ పచ్చగనే ఉంటాది కదయ్యా" అంది.

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"సేను వేరే, దేవునిల్లు వేరే" అన్నాడు తాత.

"ఏడేండ్లు ఇత్తినా. యాడన్నా ఒక్క సాలు తప్పినాదా అయ్యా?"

తాత కాలితో మట్టిని గీరాడు. "తప్పలా. నేను లేదన్నానా? అమ్మ వద్దంటే నేనేం సేసేది?"

"మైలలో గింజలు తాకినావేమో గుర్తు తెచ్చుకోమేయ్" అంది అవ్వ.

"తాకలేదమ్మా."

"మరి ఎందుకిట్లయితాది?"

ఎందుకైందో ఆ వాకిట్లో ఒక్కరికి తెలుసు, అది నేను. వెలుతురు సంగతి నాకప్పుడు తెలియదు. ఉండలు దొంగిలించినందుకు అమ్మవారు ఎవరిని శిక్షించాలో తెలియక ఆమెను శిక్షించిందనుకున్నాను. ఏమైతేనేం, బండ తీసింది నేనని తెలుసు. నోరు తెరిచాను. పళ్ల సందుల్లో ముందురోజు బుడ్డ పలుకు ఒకటి ఇరుక్కుని ఉంది. నాలుకకు అది తగిలింది. మూసుకున్నాను.

"ఇది నేను తీస్కపోయేదా?" అని అడిగింది ఆమె.

"తీస్కపో. మా ఇంట్లో ఎందుకది" అంది అవ్వ.

నాలుగు పసుపు మూకుళ్లనూ తప్పెట్లు కొట్టుకుంటూ ఎర్రటి ఎండలో చేనికి ఊరేగించారు. ఊరు దాటేసరికే మొలకలు వాడాయి. చేను చేరేసరికి తడి దారప్పోగుల్లాగా మూకుటి అంచు మీద వేలాడుతున్నాయి. నేనైతే ఇప్పుడు పూజారయ్య చిక్కుల్లో పడ్డాడనుకున్నాను. ఆయన తొణకలేదు. "సూసినారా, అమ్మ తల వంచి ఒప్పుకునింది" అన్నాడు. అందరూ చెంపలు వేసుకున్నారు. నలభై ఏళ్లు పచ్చటి పైరు కోసి తిన్న మనుషులు, పచ్చగా నిలబడ్డదాన్ని విషమని తరిమి, పసుపుపచ్చగా చచ్చినదానికి దండం పెట్టారు. మనిషికి కళ్లున్నంత మాత్రాన చూపుంటుందని నేను ఆ రోజు నుంచీ నమ్మడం మానేశాను.

పెద్ద గొర్రు వెనక ఎప్పుడూ చిన్న గొర్రుకు పోయే మనిషి నడిచింది. పిడికిలి పెద్దది, ఓపిక చిన్నది. చేను ఒక కొసన గుంపులు గుంపులుగా, ఇంకో కొసన బోడిగా మొలిచింది. దాన్ని చూసి మా వాళ్లు ఏమైనా నేర్చుకున్నారా? నేర్చుకున్నారు. పచ్చ మూకుడు దిష్టి చేనికి తగిలిందని తేల్చారు.

నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. ఊరేగింపు అయిన నాలుగో రోజున పరికిణీ మడతలో రెండు బుడ్డల ఉండలు కట్టుకుని, ఎవరూ చూడకుండా పేటకు పోయాను. విత్తనాలామె గుడిసె ముందు గిన్నెలు మూట కడుతోంది. తుంగభద్ర కాలువ తవ్వే పనికి మరునాడు పొద్దున్నే లారీ వస్తుందట. మొగుడు గోడకానుకుని పిల్లకు తల దువ్వుతున్నాడు. గుడిసె పక్కన పగిలిన కుండలో, ఆ పచ్చ మొలకలు మోకాలి సగానికి పెరిగి ఉన్నాయి.

ఉండలు ముందు పెట్టాను. ఆమె వాటిని చూసి నవ్వింది.

"వీటి బిడ్డ ఒకటి నా మూకుట్లో ఉన్నింది పాపా. సీమలు పట్టుకోని ఉన్నింది. అమ్మవారు పైనుంచి బుడ్డలుండ ఇడిసినాదా?"

నాకు ఏడుపు వచ్చింది.

"గవాచి తీసినావా?"

తలూపాను. "అమ్మవారికి కోపమొచ్చి పచ్చగ చేసినాది" అన్నాను.

"అమ్మవారికి వేరే పని లేదా?" అంది ఆమె. నా చెయ్యి పట్టుకుని గుడిసె వెనక్కి తీసుకుపోయి, తడి నేలలో ఉన్న ఒక రాతిని కాలితో తిప్పింది. రాతి కింద గరిక పసుపుపచ్చగా, పొడుగ్గా, చప్పటి పురుగుల్లాగా పాకి ఉంది. రాతి చుట్టూ ఉన్న గరిక పచ్చగా ఉంది.

"సూడు. ఒకటే గడ్డి. ఒకటే నీళ్లు. రాయి కిందది పొడుగు సాగింది బలిసి కాదు. ఎండ యాడుందా అని ఎతుక్కుంటాండాది. దొరకలేదంటే నాలుగు దినాల్లో సస్తాది. నీ గవాచి నా మూకుటికి ఎండ సూపింది. అందుకే అది నిలబడింది."

తొమ్మిదేళ్ల నాకు అర్థమైంది. తాతకు అర్థం కాకపోయే వీలు లేదు.

"మరి ఆ పొద్దు వాకిట్లో ఎందుకు సెప్పలా?" అని అడిగాను.

"సెప్తే ఏమైతాది? దేవునింటి బండ తీసినావని నిన్ను సింతబరికెతో కొడతారు. నా మాట నమ్మి నన్ను పిలుస్తారా అంటే పిలవరు. దెబ్బలు నీకు, లాభం ఎవరికి?" కుండను ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "ఇది లారీలో ఇరుగుతాది. నువ్వు తీస్కపో. నీళ్లు పొయ్యి. ఎండలో పెట్టు. ఎవురికీ సెప్పొద్దు."

మరునాడు లారీ చప్పుడు మిద్దె మీదినుంచి విన్నాను. వాళ్లు ఊరికి తిరిగి రాలేదు.

కుండను బర్రెల కొట్టం వెనక, ఎండ పడే చోట పెట్టాను. ఒక కొబ్బరి చిప్పలో నాలుగు జొన్నలు వేసి దాని మీద ఇంకో చిప్ప బోర్లించి, పక్కనే పెట్టి చూశాను. చిప్ప కిందవి పసుపుపచ్చగా సాగి, వాలి, చచ్చాయి. కుండలోవి కంకులు వేశాయి. నా జీవితంలో మొదటి శాస్త్రం అదే, కొట్టం పెంట పక్కన జరిగింది. తర్వాత ఆదోని బడిలో ఒక అయ్యవారు 'మొక్కలకు ఎండ కావలెను' అని పాఠం చెప్పి మా చేత పదిసార్లు రాయించారు. ఆ నెలలోనే ఆయన కూతురి పెళ్లి. పాలికలనే మట్టి పాత్రల్లో చల్లిన నవధాన్యాలను చీకటి గదిలో పెట్టి, పసుపుపచ్చగా మొలిస్తే శుభమని మాకందరికీ చూపించారు. పాఠం బడి కోసం, బుద్ధి ఇంటి కోసం అన్నమాట. ఆ జాతి అయ్యవార్లు అంతరించలేదు. ఇప్పుడు కప్పులూ దూదీ ఇస్తున్నారు.

తర్వాతి ఏళ్లలో ఎన్నో సభల్లో మాట్లాడాను. మూఢత్వాన్ని చీల్చి చెండాడానని పత్రికలు రాశాయి. మా ఊళ్లో ఆ మూకుళ్ల పరీక్ష తాత పోయాక కూడా చాలాకాలం సాగింది. ఏటా ఎవరో ఒకరి పని పోయింది. నేను సెలవులకు పోయి, అవ్వ చేతి సండిగెలు తిని వచ్చాను.

ఇదంతా మనవరాలికి చెప్పాను. కోడలు కూడా వింది, కప్పు ఫోటో తీయడం మానేసింది. పిల్ల కిటికీ దగ్గరి అలసంద ఆకును వేలితో తాకుతూ, "మరి మీ తాతకు ఎప్పుడు చెప్పావు నానమ్మా?" అని అడిగింది.

విత్తనాలామె నాకు మూడు మాటలు చెప్పింది. నీళ్లు పొయ్యమంది, పోశాను. ఎండలో పెట్టమంది, పెట్టాను. అవి రెండూ మొక్క కోసం చెప్పింది. మూడోది, ఎవరికీ చెప్పొద్దన్న మాట, నాకు దెబ్బలు తగలకూడదని చెప్పింది. తాత పోయాడు, అవ్వ పోయింది, కొట్టే చింతబరికె లేదు, ఆ మిద్దె కూడా లేదు. మొక్క ఆ ఏడే ఎండిపోయింది. మూడో మాటను మాత్రం ఇవాళ్టి దాకా పాటించాను.